మెట్ల వైద్యం

ఆందోళనకీ దిగులుకీ వైద్యం ఎలా చేయాలో చెబుతూ దేశం మొత్తానికీ కలిపి ఒక పుస్తకం వచ్చింది. పెద్ద పెద్ద డాక్టర్లు కూర్చుని, ఎన్నో పరిశోధనలు చదివి, తమలో తాము పోట్లాడుకుని, మళ్ళీ రాజీపడి రాసిన పుస్తకం. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఈ సంగతి ముందే ఎందుకు చెప్పడమంటే, ఆ తర్వాత మా ఊరి ప్రభుత్వాసుపత్రిలో జరిగినదానికి ఎవరూ ఆ పుస్తకాన్ని తిట్టుకోకూడదు.

పుస్తకంలో అసలు మాట 'స్టెప్డ్ కేర్'. జబ్బు కొంచెంగా ఉంటే చిన్న వైద్యం, ముదిరితే పెద్ద వైద్యం, ఒకటి పనిచేయకపోతే దానికంటే గట్టిది. అంతకు మించి అందులో మర్మం లేదు. పుస్తకం రాజధానిలోని అనువాద విభాగానికి శుక్రవారం సాయంత్రం చేరింది. సోమవారానికల్లా తెలుగు కావాలన్నారు. స్టెప్ అంటే మెట్టు, కేర్ అంటే వైద్యం. పని అయిపోయింది. సర్క్యులర్ ఇలా వచ్చింది.

"ఇందుమూలముగా సమస్త ఆసుపత్రుల సూపరింటెండెంట్లకు తెలియజేయునదేమనగా, ఆందోళన మరియు దిగులుతో బాధపడు రోగులకు ఇకమీదట మెట్ల వైద్యము మాత్రమే గావించవలెను. రోగిని మొదటి మెట్టున ఆరంభించి క్రమముగా పై మెట్టుకు ఎక్కించవలెను. ఏ రోగినీ మెట్టు దాటించి ఎక్కించరాదు. తదనుగుణముగా తగు ఏర్పాట్లు గావించి నివేదిక సమర్పించవలెను."

మా సూపరింటెండెంట్ డాక్టర్ గంగాధరం ఎముకల డాక్టరు. మంచివాడు, చేతివాటం లేనివాడు, కాగితం మీద ఉన్నదాన్ని ఉన్నట్టు చేసేవాడు. ఆయన సర్క్యులర్ చదివి, గదిలోంచి బయటికొచ్చి, ఆసుపత్రి మెట్లని కింది నుంచి పైదాకా ఒకసారి చూశాడు. మా ఆసుపత్రికి మెట్లకి కొదవ లేదు. కింద ఓపీ, ఆపైన మూడు అంతస్తులు. లిఫ్టు కోసం వదిలిన గుంత కూడా ఉంది గాని అందులో పాత మంచాలు పడేశారు.

అప్పటికి డాక్టర్ మృదుల కొత్తగా వచ్చింది. మానసిక వైద్యంలో పట్టా పుచ్చుకుని నేరుగా మా ఊరికే మొదటి ఉద్యోగానికి వచ్చిన అమ్మాయి. సర్క్యులర్ చూసి కంగారుగా సూపరింటెండెంట్ గదికి వెళ్ళింది.

"సార్, మెట్లంటే ఈ మెట్లు కాదండి. జబ్బు తీవ్రతని బట్టి అంచెలు. మొదటిరోజే జబ్బు ఎక్కువగా కనిపిస్తే నేరుగా పెద్ద వైద్యమే చేయమని అసలు పుస్తకంలో ఉంది."

గంగాధరం ఓపిగ్గా విన్నాడు. "డాక్టరమ్మా, మీరు చెప్పింది నిజమే అయుండొచ్చు. కాని నాకొచ్చిన దాంట్లో అంచె అని లేదు, మెట్టు అని ఉంది. రేపు తనిఖీకి వచ్చి, 'మెట్లేవండీ' అని అడిగితే నేను అంచెలు చూపించలేను. మెట్లయితే చెయ్యి పట్టుకుని చూపిస్తాను."

వారం తిరిగేసరికి ఏర్పాట్లు జరిగిపోయాయి. కింది అంతస్తు మొదటి మెట్టు. అక్కడ చేయాల్సిన వైద్యం 'చురుకుగా కనిపెట్టి ఉండుట'. అందుకని సైకిల్ స్టాండు కాపలాదారు వీర్రాజుని తెచ్చి రోగుల ఎదురుగా స్టూలు వేసి కూర్చోబెట్టారు.

"నేనేం చూడాలండి?" అన్నాడు వీర్రాజు.

"దిగులు పెరుగుతోందా తగ్గుతోందా చూడు."

వీర్రాజు ఏళ్ళ తరబడి సైకిళ్ళని చూసినవాడు. మనుషుల్నీ అదే చూపు చూశాడు. ఎవరైనా లేచి మంచినీళ్ళకి వెళ్ళబోతే, "టోకెనేదండి?" అని అడిగేవాడు.

మొదటి అంతస్తు రెండో మెట్టు. అక్కడ 'సంతోష సోపానాలు' అనే చిన్న పుస్తకం ఇచ్చి చదువుకోమంటారు. రెండో అంతస్తు మూడో మెట్టు. అక్కడ కౌన్సెలరుతో మాట్లాడాలి. ఆ పోస్టు ఖాళీ. ఖాళీ అయినా కుర్చీ మంజూరైంది కాబట్టి కుర్చీ వేశారు. రోగులు దాని ఎదురుగా కూర్చుని చెప్పుకునేవారు. కుర్చీ చాలా బాగా వింటోందని, మధ్యలో అడ్డు రావట్లేదని కొందరు మెచ్చుకున్నారు కూడా. అన్నిటికంటే పైన, నీళ్ళ ట్యాంకు పక్క గది నాలుగో మెట్టు. డాక్టర్ మృదులని అక్కడ కూర్చోబెట్టారు.

అలాంటి రోజుల్లో నూకరత్నం వచ్చింది.

నూకరత్నం అంటే మా చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. పెళ్ళి కుదిరితే ముహూర్తం కంటే ముందు ఆవిడ ఖాళీగా ఉందో లేదో కనుక్కునేవాళ్ళు. పనసపొట్టు కూర, గుమ్మడికాయ దప్పళం, పూర్ణం బూరెలు ఆవిడ చేతిలో పడితే వియ్యాలవారు అలకలు మర్చిపోయి ఆకు ముందు కూర్చునేవారు. యాభై ఏళ్ళ మనిషి, గొంతు పెద్దది, నవ్వు అంతకన్నా పెద్దది. ఆ వైశాఖంలో ఒక పెళ్ళిలో పులుసు గంగాళం దగ్గర ఉప్పు గుప్పిట్లో పట్టుకుని అలా నిలబడిపోయింది.

"ఏమైందక్కా?" అంది చెల్లెలు మంగతాయారు. ఆవిడా అదే జట్టులో పనిచేస్తుంది.

"ఉప్పెంతెయ్యాలో తెలవట్లేదే" అంది నూకరత్నం. గుప్పెడు ఉప్పూ మళ్ళీ డబ్బాలో పోసేసి, పెరట్లోకి వెళ్ళి బావి గట్టు పక్కన కూర్చుంది. ఆ రోజు పులుసు మంగతాయారే దింపింది.

ఆ తర్వాత ఆవిడకి నిద్ర కరువైంది. ఆకలి పోయింది. ఏది నోట్లో పెట్టుకున్నా తడిసిన అట్టముక్క నమిలినట్టే ఉండేది. ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు, ఎవరితోనూ గొడవ లేదు. "ఎందుకే దిగులు?" అని అందరూ అడిగేవారు. చెప్పడానికి కారణం లేకపోవడంతో ఆవిడకి దిగులు మీద సిగ్గు కూడా వచ్చి చేరింది. చివరికి మంగతాయారు ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకొచ్చింది.

మొదటి మెట్టు దగ్గర నర్సు హాలు మధ్యలో నిలబడి గట్టిగా ప్రశ్నలు చదివింది. "ఏ పనీ చేయబుద్ధి కావట్లేదా? అస్సలు లేదా, కొన్ని రోజులా, సగం రోజులా, ఇంచుమించు రోజూనా? ఏదో ఒకటి చెప్పమ్మా."

హాల్లో ఉన్నవాళ్ళలో సగం మంది ఏదో ఒక పెళ్ళిలో నూకరత్నం వంట తిన్నవాళ్ళే. అందరూ చెవులు అప్పగించి కూర్చున్నారు. ఆవిడ చీరకొంగు భుజాల మీదుగా కప్పుకుని, "ఏదో, బానే ఉందండి" అంది.

"బానే ఉంటే ఎందుకొత్తామండి ఇక్కడికి? వారం నుంచీ ఓ ముద్ద దిగట్లేదు మా అక్కకి" అంది మంగతాయారు.

"అది రోగి చెప్పాలమ్మా. తోడొచ్చినవాళ్ళు చెప్పేదానికి మార్కుల్లేవు" అంది నర్సు.

అలా ఆవిడని మొదటి మెట్టున ఆరంభించారు. వీర్రాజు ఎదురుగా కూర్చుని చూశాడు. వచ్చినప్పుడల్లా చూశాడు. ఒకరోజు తనే వెళ్ళి నర్సుతో, "ఆవిడ గోడమీద మచ్చకేసే చూత్తందండి, రెప్ప కూడా ఎయ్యట్లేదు. నాకు భయమేత్తంది" అన్నాడు. మచ్చ గురించి ప్రశ్నపత్రంలో ఏమీ లేదు. కాని రోగిని చూస్తున్న మనిషికే ఆందోళన మొదలైంది కాబట్టి నూకరత్నాన్ని పై మెట్టుకి ఎక్కించారు. వీర్రాజుని మొదటి మెట్టులోనే, ఈసారి రోగుల వరసలో నమోదు చేసుకున్నారు. అతన్ని కనిపెట్టి ఉండటానికి ఇంకో కాపలాదారు కావాలని పైకి రాశారు.

రెండో మెట్టు మీద నూకరత్నం 'సంతోష సోపానాలు' తెరిచింది. 'మీకు ఇష్టమైన పని ఏదైనా చేయండి. ఉదాహరణకు, వంట' అని ఉంది. అక్కడితో పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది.

ఒక్కమాట మాత్రం న్యాయంగా చెప్పుకోవాలి. మెట్ల వైద్యం చాలామందికి పనిచేసింది. చిన్న చిన్న బెంగలతో వచ్చినవాళ్ళు ఆ మెట్లెక్కి దిగుతూ, మలుపుల దగ్గర ఆయాసం తీర్చుకుంటూ, పక్కవాళ్ళతో మాటల్లో పడ్డారు. కొందరు ఆడవాళ్ళు చిక్కుడుకాయలు తెచ్చుకుని రెండో మలుపులో కూర్చుని ఈనెలు తీసేవారు. ఒక్క వారంలోనే రెండు పెళ్ళి సంబంధాలు అక్కడే కుదిరాయి. వాళ్ళందరికీ నిజంగానే మనసు కుదుటపడింది. మోకాళ్ళు మాత్రం పట్టేశాయి. గంగాధరం ఎముకల విభాగం ముందు వరస గేటుదాకా పెరిగింది.

పై మెట్టుకి మాత్రం ఎవరూ చేరలేదు. తేలిక జబ్బువాళ్ళు కిందే బాగుపడ్డారు, గట్టి జబ్బువాళ్ళకి అంత ఎత్తు ఎక్కే ఓపిక లేదు. డాక్టర్ మృదుల గదికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ట్యాంకు బాగుచేసేవాళ్ళు. ఒకతను ఆవిడ ఊరికే కూర్చోవడం చూసి, వాల్వు తిప్పడం నేర్పించాడు.

ఆవిడ మళ్ళీ సూపరింటెండెంట్ దగ్గరికి వెళ్ళింది. "నేను కిందికి దిగి రోగుల్ని చూస్తానండి."

"దిగడానికి ప్రొవిజన్ లేదమ్మా" అన్నాడు గంగాధరం. ఆయన ముఖంలోనూ బాధ ఉంది. "ఎక్కడమే ఉంది."

"నా దగ్గరికి రావాల్సినవాళ్ళు రాలేకపోతున్నారు సార్."

"రాలేదంటే, కిందే నయమైపోయిందని అర్థం చేసుకుంటున్నారు పైన."

నిజంగా అలాగే అర్థం చేసుకున్నారు. రాష్ట్రం మొత్తానికి ఈ కార్యక్రమం చూసే నోడల్ అధికారి సర్వోత్తమరావు మా ఆసుపత్రి అంకెలు చూసి పొంగిపోయాడు. "చతుర్థ సోపానమునకు రోగుల ప్రవాహము శూన్యముగా నమోదగుట అపూర్వ విజయము" అని అన్ని జిల్లాలకీ రాశాడు. దాంతో మిగతా ఆసుపత్రులవాళ్ళు మెట్ల కోసం ఎగబడ్డారు. ఒకే అంతస్తున్న ఆరోగ్య కేంద్రాల్లో ఇంజనీరింగ్ శాఖ మెట్లు కట్టింది. పైన గది లేదు కాబట్టి మెట్లు ఆకాశంలోకి వెళ్ళి ఆగిపోయేవి. చివరి మెట్టు మీద ఒక ఏఎన్ఎం గొడుగు వేసుకుని పుస్తకాలు పంచేది. పెంకుటింట్లో నడిచే ఒక కేంద్రంలో నిచ్చెన వేశారు. ఆందోళనతో వచ్చిన ఒక పెద్దమనిషి ఆ నిచ్చెన మధ్యలో బిగుసుకుపోయాడు. పైకి వెళ్ళలేడు, కిందికి రాలేడు. ఆయన్ని 'ఒకటిన్నర మెట్టు' అని నమోదు చేసి అన్నం పైకే అందించారు.

నూకరత్నం ఈలోగా మూడో మెట్టుకి చేరింది. ఖాళీ కుర్చీ ఎదురుగా కూర్చుని ఏమీ మాట్లాడలేదు. కుర్చీ కూడా బలవంతపెట్టలేదు. ప్రశ్నలు అడిగినప్పుడు ఆవిడకి ఒక సుళువు తెలిసింది. అన్నిటికీ 'లేదు' అంటే తొందరగా వదిలేస్తారు. నిద్రకి ఇబ్బందా? లేదు. నీరసమా? లేదు. మనసులో దిగులా? లేదు. మార్కులు సున్నాకి దిగాయి. సున్నా అంటే సంపూర్ణ ఆరోగ్యం.

సున్నా తెచ్చుకున్నవాళ్ళకి సన్మానం చేయాలని సర్వోత్తమరావు ఆదేశించాడు. దానికి 'విజయ సోపాన మహోత్సవం' అని పేరు పెట్టి, తనే ముఖ్య అతిథిగా వచ్చాడు. ఆసుపత్రి మెట్లకి బంతిపూల దండలు కట్టారు. కింద షామియానా వేశారు. ఏ మెట్టు మీద ఉన్నవాళ్ళకైనా వినపడాలని అన్ని అంతస్తులకీ మైకు తీగలు లాగారు. సన్మానితుల్లో మొదటి పేరు నూకరత్నం. పేరున్న మనిషి కదా.

సర్వోత్తమరావు చాలాసేపు ప్రసంగించాడు. "దిగులనునది ఒక అగాధము. దానినుండి మానవుని మెట్టు మెట్టుగా ఉద్ధరించు బాధ్యతను ప్రభుత్వము తన భుజస్కంధములపై వేసికొన్నది. అందుకు సజీవ తార్కాణము శ్రీమతి నూకరత్నం గారు." శాలువా కప్పాడు, పత్రం చేతికిచ్చాడు. "మీ అనుభవమును రెండు మాటలలో సభకు తెలియజేయండి" అని మైకు ముందుకు జరిపాడు.

నూకరత్నం మైకుని చూసింది. జనాన్ని చూసింది. ముందు వరసలో మంగతాయారు కళ్ళు తుడుచుకుంటోంది.

"పెద్దోళ్ళందరూ కట్టపడ్డారండి" అంది. "శాలువా కూడా బాగుంది. కాపోతే నాకు బాలేదండి."

సర్వోత్తమరావు నవ్వుతూ, "అనగా పూర్వము బాగుండెడిది కాదు" అని సవరించాడు.

"లేదండి. ఇప్పుడే బాలేదు. మొన్న ఎలాగుందో ఇయ్యాలా అలాగే ఉంది. అడిగినప్పుడల్లా బానే ఉందని చెప్పేశానండి, అందరూ ఇంటున్నారని. ఇంకా బానే ఉందని చెప్పే ఓపిక లేదండి." ఆవిడ శాలువా తీసి, మడతపెట్టి, బల్లమీద పెట్టింది. "ఇది బాగైనోళ్ళకి కప్పండి."

మైకులో ఆవిడ ఊపిరి అన్ని అంతస్తుల్లోనూ వినిపించింది.

అప్పుడు పైన ఎక్కడో చెప్పుల చప్పుడు మొదలైంది. డాక్టర్ మృదుల దిగుతోంది. మలుపు మలుపుకీ చప్పుడు దగ్గరైంది. గంగాధరం లేచి నిలబడ్డాడు. ఆవిడ పూలదండలు పక్కకి నెట్టుకుని కిందికొచ్చి, నూకరత్నం చెయ్యి పట్టుకుని వేదిక మీంచి దింపి, జనానికి వీపు పెట్టి, అట్టడుగు మెట్టు మీద తన పక్కన కూర్చోబెట్టుకుంది. చేత్తో సైగ చేస్తే వీర్రాజు మైకు తీగ పీకేశాడు.

"అమ్మా, ఇప్పుడెవరికీ వినపడదు. ఎలా ఉంటోంది?"

నూకరత్నం నెమ్మదిగా చెప్పుకొచ్చింది. ఉప్పు సంగతి, నిద్ర సంగతి, తిండి సంగతి. డాక్టరు తొందరపెట్టలేదు. చివర గొంతు బాగా తగ్గించి, "ఇలా ఎందుకు బతకడం అనిపిస్తోందా?" అని అడిగింది.

"రోజూ కాదండి" అంది నూకరత్నం. తర్వాత కాసేపటికి, "ఇంచుమించు రోజూనండి" అంది. చెప్పాక డాక్టరు భుజమ్మీద తల వాల్చి ఏడ్చింది. వైశాఖం తర్వాత ఆవిడ ఏడవడం అదే మొదటిసారని మంగతాయారు తర్వాత చెప్పింది.

సర్వోత్తమరావు ముఖం ఎర్రబడింది. "ఇది ఘోర ఉల్లంఘన. నాలుగవ మెట్టు వైద్యాధికారి మూడవ, రెండవ మెట్లను అతిక్రమించి మొదటి మెట్టున ఆసీనులగుట ఏ నిబంధన కింద?"

అందరూ గంగాధరం వైపు చూశారు. ఆయన జేబులోంచి సర్క్యులర్ తీసి, కళ్ళజోడు పెట్టుకుని మొదట్నుంచీ చివరిదాకా మళ్ళీ చదివాడు. చదువుతూ మధ్యలో ఒకసారి ఆ మెట్టు వైపు చూశాడు.

"సార్, రోగిని మెట్టు దాటించి ఎక్కించరాదని ఉందండి. డాక్టరు దిగరాదని ఎక్కడా లేదు. ఎక్కించలేదు కూడాను. కూర్చున్నారు."

సర్వోత్తమరావు కాగితం తీసుకుని చదివాడు. అందులో నిజంగానే లేదు. లేనిదాన్ని ఉల్లంఘించడం కుదరదని ఆయనకి ఇరవయ్యేళ్ళ సర్వీసులో బాగా తెలుసు. శాలువా తర్వాతి వారికి కప్పి, భోజనం చేయకుండానే వెళ్ళిపోయాడు.

పక్క నెలలో కొత్త సర్క్యులర్ వచ్చింది. "ఇందుమూలముగా వైద్యాధికారుల అవరోహణకు అనుమతి మంజూరు చేయడమైనది. అయితే దిగునపుడు సైతము ఏ మెట్టునూ దాటరాదు." గంగాధరం దాన్ని గోడకి అంటించి, సైకిల్ స్టాండు పక్క గది ఖాళీ చేయించి, తలుపూ కిటికీకి తెరా పెట్టించి మృదులకి ఇచ్చాడు. లోపల చెప్పేది బయటికి వినపడకుండా ఉందో లేదో తనే బయట నిలబడి చూసుకున్నాడు.

నూకరత్నం వారం వారం ఆ గదికి వచ్చింది. మాత్రలు వాడింది. మొదటి రోజుల్లో కళ్ళు తిరుగుతున్నాయని గొడవ చేస్తే డాక్టరు మోతాదు మార్చింది. మాత్రలు మంగతాయారు దగ్గరే ఉంచి, రాత్రిళ్ళు అక్క పక్కనే పడుకోమంది. ముందుగా నిద్ర తిరిగొచ్చింది. తర్వాత ఆకలి. ఆ తర్వాత కోపం. ఒకరోజు ఆసుపత్రి క్యాంటీన్లో సాంబారు నోట్లో పెట్టుకుని, "ఇంగువ ఇలాగేనా ఏసేది, కొలిమి బొగ్గేసినట్టు" అని వంటవాడిని వంటింట్లోకి వెళ్ళి మరీ తిట్టింది. పక్కనే ఉన్న మృదుల ఆ సాంబారు ఇంకో గరిటె పోయించుకుంది.

మాఘమాసం వచ్చింది. ఒక బుధవారం నూకరత్నం రాలేదు. డాక్టరు కంగారుగా ఫోన్ చేసింది. అవతల గిన్నెల మోత, మంటల చప్పుడు, ఎవరినో గుమ్మడికాయ ముక్కలు పెద్దవిగా తరిగినందుకు కేకలేస్తున్న గొంతు.

"మాత్రలు మానలేదు డాక్టరుగారండి. చేతులు ఖాళీ లేవు. ముహూర్తాలయ్యాక వత్తాను. మీరే ఇటు రండి, పక్క ఊరే, కల్యాణ మండపం."

సర్వోత్తమరావు లెక్క ప్రకారం చెప్పిన రోజుకి రాని రోగి 'చికిత్స మధ్యలో విడిచిన కేసు'. నెలాఖరు నివేదికలో ఆ గడిలో ఒకటి పడగానే సర్వోత్తమరావు దగ్గర్నుంచి సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. వైద్యము విఫలమగుటకు కారణములు సవివరముగా తెలుపవలెను.

గంగాధరం మృదులని పిలిచాడు. "ఏం రాద్దామమ్మా?"

"ఆవిడ పనిలో పడిందని రాయండి సార్."

"దానికి గడి లేదు. 'విఫలము' అనే ఉంది." ఆయన 'విఫలము' అని రాసి, సంతకం చేసి, తేదీ వేశాడు. కాగితం పక్కన పెట్టాడు. "పెళ్ళిళ్ళింకా అవ్వలేదా?"

"ఇవాళ ఆఖరిదటండి. మనిద్దర్నీ రమ్మంది."

గంగాధరం గడియారం చూసి కుర్చీలోంచి లేచాడు. "పదండి, రెండో బంతికి అందుకుంటాం."